రూపాయి స్టాంపు

జిల్లా కోర్టు ప్రహరీకి ఆనుకుని
టార్పాలిన్ కింద నా బల్ల.
కొన్నప్పుడు నీలం. ఇప్పుడు ఏ రంగో చెప్పలేను.
టైపుమిషన్ మా ఆయనది.
ఆయన పోయాడు, మిషను ఉండిపోయింది.
అందులో ‘క’ కొంచెం ఎగిరి పడుతుంది.
హక్కులోనూ అదే క,
బాకీలోనూ అదే.

ప్లీడరు గడప ఎక్కేముందు నా దగ్గర ఆగుతారు,
ఉత్తినే అడిగి పోవచ్చని.

"టైపమ్మా, పక్కింటోల కొబ్బరికాయ పడి
మా రేకుకి సిల్లడిపోనాది.
కాయెవులిది? సిల్లెవులిది?"
కాయ వాళ్ళది, చిల్లూ వాళ్ళదే అన్నాను.
ఆవిడ కాసేపు ఆలోచించింది.
"మరి పచ్చడి సేసీసినాం కదా!"

కంచరపాలెం ఆటో కుర్రాడు:
"ట్రాఫిక్కాయన తాళం లాగీసుకున్నాడు."
రసీదు అడిగావా అన్నాను.
వాడు నన్ను చూసిన చూపుకి
నేనే ఏదో నేరం చేసినట్టయింది.

గాజువాక నర్సింగ్ హోములో పనిచేసే పిల్ల,
యూనిఫారం మీద చున్నీ కప్పుకుని:
"సర్టిఫికెట్లు బీరువాలో పెట్టేశారు మేడమ్.
మానేస్తే మూడు నెలల జీతం కట్టి తీసుకెళ్ళమంటున్నారు."
నీ చదువు వాళ్ళ బీరువాది కాదమ్మా అని
నోటీసు కొట్టి ఇచ్చాను.
కింద ‘ఇట్లు’ తర్వాత తన పేరు
మూడుసార్లు చదువుకుంది.
రిజిస్టర్డ్ పోస్టుకి చిల్లర చాల్లేదు.
నేనిచ్చాను. రాసుకోలేదు.

నిన్న మధ్యాహ్నం సూరాడ ఎల్లాజీ.
పెద జాలరిపేట.
హుద్‌హుద్‌లో ఇంజను పోయినప్పుడు
ఐసు కొట్టు వరహాలమ్మ దగ్గర
నోటు మీద అరవై వేలు తెచ్చాడట.
"మూడేళ్ళు దాటితే నోటు సచ్చిపోద్దంట, నిజవేనా?"
నిజమే.
మధ్యలో ఏమైనా కట్టి, నోటు వెనక రాశావా?
"నేదు."
అయితే నిన్నెవరూ ఏమీ చెయ్యలేరు.

అందరూ ఆ మాట దగ్గరే లేస్తారు.
ఇతను లేవలేదు.
మెడలో తువ్వాలు తీసి, విదిలించి, మళ్ళీ వేసుకున్నాడు.
జగదాంబ వైపు నుంచి ఒక బస్సు
హారను కొడుతూనే ఉంది.

"నోటు సచ్చింది సరే.
మరి బాకీ?"

సొరుగు నిండా ఫారాలున్నాయి,
దానికి మాత్రం లేదు.
నీ చేత్తో మళ్ళీ రాసి సంతకం పెడితే
కాలం చెల్లిన బాకీ అయినా లేచి కూర్చుంటుంది,
చట్టం అందుకూ ఒప్పుకుంటుంది, అన్నాను.
ఆవిడ లేదుగా, ఇప్పుడెందుకు? అని కూడా అన్నాను.
అనకుండా ఉండాల్సింది.

"కోడలుంది. ఆ పిల్లకి ఈ సంగతే తెల్దు.
కొట్టమ్మా."

కొట్టాను.
బాకీ దగ్గర క ఎప్పట్లాగే ఎగిరింది.
రూపాయి స్టాంపు నాలుక మీద తడుపుకుని
వంకరగా అంటించాడు.
దాని మీదుగా పేరు రాశాడు,
ఒక్కో అక్షరానికీ ఊపిరి బిగబట్టి.

"ఎంత?"
యాభై.
"ఒక్క కాయితానికి యాభయ్యా? అన్నేయం!
నలభై తీసుకో."
అరవై వేలు నెత్తికెత్తుకున్న మనిషి
పది రూపాయల కోసం పావుగంట బేరమాడాడు.
నలభై అయిదుకి తెగింది.

సాయంత్రం మిషనుకి గుడ్డ కప్పి
అక్కయ్యపాలెం వెళ్ళాను. ఒకటో తారీఖు.
ఊరందరికీ పదకొండు నెలల అగ్రిమెంట్లు కొట్టే నేను
పదిహేనేళ్ళుగా అదే గదిలో ఉంటూ
ఒక్క అద్దె రసీదు అడిగి ఎరగను.
ఓనరు డబ్బు లెక్కపెట్టుకుని జేబులో పెట్టుకున్నాడు.
ఇవాళ నేను మెట్ల మీదే నిలబడి ఉన్నాను.
"ఏమ్మా, ఇంకేమైనా ఉందా?"

కుళాయి కారుతోందండీ,
అన్నాను.